ఎండాకాలంలో ఆక్సోలాటిల్ ట్యాంక్‌ను 18 డిగ్రీల దగ్గర నిలబెట్టడం ఎలా?

ఆక్సోలాటిల్ అంటే మొప్పలతో జీవితమంతా నీళ్లలోనే గడిపే ఒక ఉభయచరం. మార్చి నెల వచ్చిందంటే చాలు, దీన్ని పెంచేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "నీళ్లు 28 చూపిస్తున్నాయి, ఐస్ వేస్తే సరిపోతుందా?" సరిపోదు. ఐస్ ఎంతవరకు ఆదుకుంటుంది, ఫ్యాన్ ఎక్కడ పనిచేస్తుంది, చిల్లర్ (ఫ్రిజ్‌లా నీళ్లను చల్లబరిచే యంత్రం) ఎప్పుడు తప్పదు అన్నది లెక్కతో సహా చెప్పుకుందాం. ఇంకా జంతువును కొనలేదా? అయితే మరీ మంచిది. ముందు ట్యాంక్‌ను చల్లగా నిలబెట్టి చూసుకుని, ఆ తర్వాత తెచ్చుకోండి.

దీని పుట్టిల్లు మెక్సికో సిటీ దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాలువలు. సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తులో ఉంటాయి, నీళ్లు చల్లన. అందుకే దీనికి 16–18 డిగ్రీలు హాయి. 20 వరకు ఫరవాలేదు. 22 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 24 పైన రోజుల తరబడి ఉంచితే తిండి మానేస్తుంది, మొప్పలకు బూజు పడుతుంది, చివరకు ప్రాణం పోతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 18 డిగ్రీల దగ్గర లీటరుకు 9.5 మిల్లీగ్రాముల వరకు ఉండేది 30 దగ్గర 7.5కి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే జంతువు ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పైగా జంతువు వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా అదే మోతాదులో ఉన్నా వేడినీళ్లలో ఇంకా విషం. "మెల్లగా మన వాతావరణానికి అలవాటు పడుతుందిలే" అని దుకాణంలో చెబితే నమ్మకండి. వేడికి అది అలవాటు పడదు, నీరసించిపోతుంది.

ఇంకో సంగతి. ఆక్సోలాటిల్ సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జీవి. 2022 సవరణ తర్వాత మన వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూల్ ఇలాంటి వాటికీ వర్తిస్తుంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేశ్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొన్న రసీదు దాచుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు ముందు తమ రాష్ట్రం చట్టం చూసుకోవాలి. కాలిఫోర్నియాలో వీటిని ఇంట్లో పెంచడమే నిషేధం.

కావలసినవి

- ట్యాంక్: పెద్ద జంతువు ఒకదానికి 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు. అంచుదాకా నింపితే 130 లీటర్లు పడుతుంది. ఎత్తు కన్నా నేల వైశాల్యం ముఖ్యం.
- ప్రోబ్ (వైరు చివర నీళ్లలో ముంచే కొస) ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు. అద్దానికి బయట అతికించే రంగుల స్టిక్కర్ వద్దు. అది సగం గది వేడినే చూపిస్తుంది.
- 25 మిల్లీమీటర్ల మందం థర్మోకోల్ షీట్లు
- సన్నటి నైలాన్ మెష్‌తో చేసిన మూత, గాజు లేదా అక్రిలిక్ మూత
- ఎయిర్ పంపు ఒకటి, బ్యాటరీతో నడిచేది ఇంకొకటి
- క్లోరిన్ విరిచే మందు. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చూసే ద్రవపు టెస్ట్ కిట్
- చల్లబరిచే పరికరం: ఇది 3వ మెట్టులో తేలుతుంది. ముందే కొనకండి.

1. వారం రోజులు కొలవండి

ఖాళీ ట్యాంక్‌లో నీళ్లు నింపి, ఉదయం 6కి, మధ్యాహ్నం 3కి, రాత్రి 10కి నీటి వేడి, గది వేడి రాయండి. మీకు కావలసిన అంకె సగటు కాదు, వారంలో వచ్చిన గరిష్ఠం. జనవరిలో కొలుస్తున్నట్టయితే ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. అదే గది మే నెలలో 34–36 వరకు పోతుందనే అనుకుని సిద్ధపడండి.

కొలిచే ముందు థర్మామీటర్‌ను పరీక్షించండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐస్ వేసి, సందుల్లోకి కొద్దిగా నీళ్లు పోసి, ప్రోబ్ ముంచి, రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉండండి. 0 చూపించాలి. అరడిగ్రీ అటూఇటూ అయితే ఆ తేడా చీటీ మీద రాసి ట్యాంక్‌కు అతికించండి. రెండు డిగ్రీలు తేడా ఉంటే అది పనికిరాదు.

2. తడిగుడ్డ పరీక్ష

ఫ్యాన్ మీ ఇంట్లో పనికొస్తుందో లేదో పైసా ఖర్చు లేకుండా తేల్చే పరీక్ష ఇది. ప్రోబ్ చుట్టూ పల్చటి నూలుగుడ్డ చుట్టి, గది వేడిలో ఉన్న నీటితో తడిపి, టేబుల్ ఫ్యాన్ ముందు పది నిమిషాలు పెట్టండి. అంకె దిగి దిగి ఒకచోట ఆగుతుంది. ఫ్యాన్ మీ నీళ్లను అంతకన్నా కిందకి దించలేదు. నిజం ట్యాంక్‌లో దానికి 2–3 డిగ్రీలు పైనే ఆగుతుంది.

కూజాలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది: ఆవిరి పోతూ పోతూ వేడిని పట్టుకుపోతుంది. గాలిలో ఉక్క ఉంటే ఆవిరి పోదు. అందుకే హైదరాబాద్ పొడి ఎండల్లో తడిగుడ్డ 22 దగ్గర ఆగితే, మే నెల ఉక్కలో విజయవాడ, విశాఖలలో 26–28 దగ్గరే ఆగిపోతుంది. ఒక ఊరివాళ్లకు ఫ్యాన్ పనిచేసిందని ఇంకో ఊరివాళ్లు కొనేసి నష్టపోయేది ఇక్కడే.

3. పద్ధతి ఎంచుకోండి

గరిష్ఠంగా వచ్చిన నీటి వేడిలోంచి 18 తీసేయండి. మిగిలిన తేడాయే నిర్ణయం చెబుతుంది.

*తేడా 3 డిగ్రీల లోపు:* ఫ్యాన్లు చాలు. చలిదేశాల్లో బేస్‌మెంట్‌లో ట్యాంక్ పెట్టుకున్నవాళ్లకు చాలాసార్లు ఇదీ అక్కర్లేదు.

*3 నుంచి 6 వరకు:* ఫ్యాన్‌కు తోడు ఏసీ గది. ఏసీ 24లో పెడితే నీళ్లు 24 దగ్గరే ఉంటాయి కదా, లాభమేమిటి అనిపిస్తుంది. కానీ ఏసీ గాలిలోని తేమనూ లాగేస్తుంది. ఆ పొడిగాలిలో నీటి మీదకి ఫ్యాన్ పెడితే నీళ్లు 20–21 దాకా దిగుతాయి. షరతు ఒక్కటే: ఏసీ 24 గంటలూ నడవాలి. రాత్రి మాత్రమే వేస్తే నీళ్లు రాత్రి 21, మధ్యాహ్నం 29 అవుతాయి. ఆ ఊగిసలాట నిలకడగా ఉన్న 22 కన్నా ప్రమాదం.

*6 దాటితే:* కంప్రెసర్ ఉన్న చిల్లర్. ఆంధ్ర, తెలంగాణల్లో ఏసీ లేని గది అయితే మార్చి నుంచి జూన్ వరకు దాదాపు అందరిదీ ఇదే వరుస. 130 లీటర్ల ట్యాంక్‌కు థర్మోకోల్ కట్టి 1/10 హెచ్‌పీ చిల్లర్ పెడితే సరిపోతుంది. గది 36 దాటేదైతే దానికి పై సైజు తీసుకోండి. చిన్నది ఆగకుండా ఆడి ఆడి త్వరగా పాడవుతుంది. కరెంటు గురించి భయపడక్కర్లేదు: 150 వాట్ల చిల్లర్ రోజులో సగం సేపు ఆడితే 1.8 యూనిట్లు. రోజంతా ఏసీ వేసే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

కంప్రెసర్ లేని, అరచేతి సైజు పెల్టియర్ చిల్లర్లు చవకగా దొరుకుతాయి. 20–30 లీటర్ల టబ్బును కొద్ది డిగ్రీలు దించగలవేమో గానీ 130 లీటర్లకు పనికిరావు.

ఇక ఐస్ లెక్క. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన 1 లీటరు బాటిల్ పూర్తిగా కరిగితే 100 లీటర్ల నీటిని సుమారు 1 డిగ్రీ దించుతుంది. 32 డిగ్రీల గదిలో థర్మోకోల్ లేని 130 లీటర్ల ట్యాంక్‌ను 18లో నిలపాలంటే, లోపలికి దిగే వేడిని బట్టి, రోజుకు ఇరవై బాటిళ్ల దాకా కావాలి. ఇంట్లో ఫ్రిజ్ అన్ని నీళ్లను రోజూ గడ్డకట్టించలేదు. కాబట్టి ఐస్ బాటిళ్లు కరెంటు పోయినప్పటికే. రోజువారీ పద్ధతి కాదు.

4. ట్యాంక్‌కు చోటు, థర్మోకోల్

పడమటి గోడకు ఆనించవద్దు. సాయంత్రం నాలుగుకి తాకిన వేడిని ఆ గోడ రాత్రి పదింటి దాకా వదులుతూనే ఉంటుంది. పై అంతస్తు వద్దు, కిటికీ పక్కన వద్దు, ఫ్రిజ్ వెనక వేడి తగిలే మూల వద్దు. కింది అంతస్తులో, ఉత్తరపు గదిలో, గోడకు అడుగు దూరంలో పెట్టండి.

ట్యాంక్ కింద, వెనక, రెండు పక్కలా థర్మోకోల్ కట్టండి. ముందు వైపుకు తీసిపెట్టుకునే పలక చేసుకుని, పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం దాకా పెట్టేయండి. ఆక్సోలాటిల్‌కు వెలుతురు అక్కర్లేదు, చీకటే సుఖం.

థర్మోకోల్‌కూ అద్దానికీ మధ్య సందు వదలకండి, అంచులు టేప్‌తో మూయండి. ముఖ్యంగా కోస్తాలో. 18 డిగ్రీల అద్దానికి ఉక్కగాలి తగిలితే చెమట పట్టి ధారగా కారుతుంది. ప్లైవుడ్ స్టాండ్ ఉబ్బిపోవడానికి, కింద పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో షార్ట్ సర్క్యూట్ రావడానికి కారణం చాలావరకు ట్యాంక్ లీకేజీ కాదు, ఈ చెమటే. ప్లగ్గులు ట్యాంక్ నీటిమట్టం కన్నా పైన గోడకు బిగించండి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందకి ఒకసారి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, వైరు వెంట జారిన చుక్క సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోతుంది.

5. ఫ్యాన్ బిగించేవాళ్లకు

కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు మూడు చాలు. నీటిమట్టం అంచుకు 4–5 సెంటీమీటర్లు కింద ఉండాలి. గాలి నేరుగా కిందకి కాకుండా నీటి మీద ఏటవాలుగా, ఈ చివర నుంచి ఆ చివరకు పారాలి. కూలింగ్ మోడ్ ఉన్న టెంపరేచర్ కంట్రోలర్‌కు తగిలించి 18, తేడా 1 డిగ్రీ అని పెట్టండి.

పైన మెష్ మూత తప్పనిసరి. ఆక్సోలాటిల్ ఎగిరి బయట పడగలదు, బల్లి లోపల పడగలదు.

రోజుకు 2–4 లీటర్లు ఆవిరైపోతుంది. పోయేది నీరే, లవణాలు అందులోనే మిగులుతాయి. బోరునీళ్లతో నింపుకుంటూ పోతే నెలలో నీళ్ల గట్టిదనం బాగా పెరుగుతుంది. ఆవిరైన మేరకు ఆర్‌వో నీళ్లు పోయండి. ట్యాంక్ మొత్తం ఆర్‌వోతో నింపడం మాత్రం తప్పు, దీనికి కాస్త గట్టినీళ్లే పడతాయి. ఏసీ పైపులోంచి కారే నీళ్లు చల్లగా, శుభ్రంగా కనిపిస్తాయి, కానీ రాగి కాయిల్ మీదుగా వచ్చినవి. పోయకండి.

6. చిల్లర్ బిగించేవాళ్లకు

క్రమం ఇది: ట్యాంక్, క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట ఉండే, పంపుతో కూడిన డబ్బా ఫిల్టర్), చిల్లర్, మళ్లీ ట్యాంక్. ఫిల్టర్ తర్వాతే చిల్లర్ రావాలి. ముందు పెడితే చెత్త లోపలి గొట్టాల్లో పేరుకుంటుంది. పంపు గంటకు ఎన్ని లీటర్లు తోడాలో చిల్లర్ మీద రాసి ఉంటుంది, ఆ హద్దుల్లోనే ఉంచండి. తక్కువ పారితే చిల్లర్ సరిగా పనిచేయదు.

పైపులకు స్టీలు క్లిప్పులు బిగించి, జంతువు లేకుండా ఒక రోజంతా నడిపి, జాయింట్ల కింద పొడి టిష్యూ కాగితం పెట్టి చూడండి. ఎక్కడ తడిస్తే అక్కడ లీకు.

చిల్లర్ లాగిన వేడిని గదిలోకే వదులుతుంది. క్యాబినెట్ లోపల పెట్టి తలుపు మూస్తే తన వేడిగాలి తనే పీల్చుకుని ఆగిపోతుంది. నాలుగు వైపులా అడుగు ఖాళీ, గదికి కిటికీ ఉండాలి. నెలకోసారి జాలీ మీది దుమ్ము బ్రష్‌తో దులపండి. చిల్లర్ వాడేటప్పుడు ట్యాంక్‌కు గట్టి మూత వేయండి. ఫ్యాన్ వాడేవాళ్లు గట్టి మూత తీసి మెష్ మూత పెట్టాలి, చిల్లర్ వాడేవాళ్లు గట్టి మూత మూయాలి. రెండూ కలిపి వాడేవాళ్లు మెష్ మూతతో సరిపెట్టుకోవచ్చు.

7. ప్రవాహం తగ్గించండి

చిల్లర్‌కు కావలసినంత పారుదల ఈ జంతువుకు ఎక్కువ. ఇది నిలవనీటి జీవి. ఫిల్టర్ నీళ్లు తిరిగొచ్చే చోట రంధ్రాల పైపు పెట్టి, రంధ్రాలను వెనక అద్దం వైపు తిప్పండి. సరిచూసుకోవడం ఇలా: చిన్న మేత గుళిక ఒకటి నేల మీద వేయండి. కదలకుండా ఉంటే సరే, దొర్లుకుంటూ పోతే ఇంకా తగ్గించాలి. మొప్పలు ముందుకు ముడుచుకుని, తోక కొస కొక్కెంలా వంగి ఉన్నా కారణం చాలాసార్లు ప్రవాహమే.

8. వేడి మెల్లగా దించండి

జంతువు అప్పటికే 27 డిగ్రీల నీళ్లలో ఉంటే గంటకు ఒక డిగ్రీకి మించకుండా దించండి. మొదటిరోజు 22, మరునాడు 20, ఆ మరునాడు 18. అంతకన్నా వేగం పెంచితే వేడి వల్ల జరిగిన నష్టానికి ఇది తోడవుతుంది.

9. నీళ్లు మార్చేటప్పుడు

చిల్లర్ కొని, థర్మోకోల్ కట్టి, అన్నీ చేసినవాళ్లు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఈ మెట్టు దగ్గరే. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకులోంచి వచ్చే కుళాయి నీళ్లు 40 డిగ్రీలు దాటి ఉంటాయి. 18 డిగ్రీల ట్యాంక్‌లో పాతిక లీటర్లు తీసి 40 డిగ్రీల నీళ్లు పాతిక పోస్తే ఐదారు నిమిషాల్లో ట్యాంక్ మొత్తం 22 దాటుతుంది. పైపు కింద పడుకున్న జంతువుకైతే నేరుగా వేడినీళ్లే.

వారానికి 20–25 శాతం మార్చండి. ముందురోజు తెల్లవారుజామున బకెట్లలో నీళ్లు పట్టి, క్లోరిన్ మందు వేసి, ట్యాంక్ ఉన్న గదిలోనే మూతపెట్టి ఉంచండి. పోసే ముందు ప్రతి బకెట్‌లోనూ ప్రోబ్ ముంచండి. ట్యాంక్ నీటికీ దానికీ తేడా 2 డిగ్రీలకు మించకూడదు. మించితే శుభ్రంగా కడిగిన ఐస్ బాటిల్‌ను బకెట్‌లో పడేసి ఆగండి. ఐస్ ముక్కలు నేరుగా ట్యాంక్‌లో వేయొద్దు: వాటిలో క్లోరిన్ ఉండవచ్చు, పైగా ఒకే చోట గడ్డకట్టించే చల్లదనం.

10. కరెంటు పోతే

చిల్లర్‌ను ఇన్వర్టర్ మీద నడపాలంటే అది ప్యూర్ సైన్‌వేవ్ రకం అయి ఉండాలి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా చాలా రెట్లు కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ దాన్ని తట్టుకోవాలి. ఇన్వర్టర్ లేకపోతే: బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి, ముందు వైపు థర్మోకోల్ మూయండి, మేత వేయకండి. థర్మోకోల్ కట్టిన ట్యాంక్ రెండు మూడు గంటల్లో ఒకటి రెండు డిగ్రీలే పెరుగుతుంది. 20 దాటాక ఒక ఐస్ బాటిల్ వేయండి, అది కరిగాక ఇంకొకటి. నాలుగు బాటిళ్లు ఎప్పుడూ ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

దోమల మందు. చల్లదనంతో సంబంధం లేదనిపిస్తుంది గానీ ఉంది: నీటి మీద ఫ్యాన్ పెట్టారంటే గదిలోని గాలంతా నీళ్లకు తగులుతున్నట్టే. లిక్విడ్ మెషిన్లలో, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లు నీటి జీవులకు తీవ్రమైన విషం. ఆక్సోలాటిల్ చర్మం గుండా మందులు సులువుగా లోపలికి పోతాయి. ఆ గదిలో వాటిని పూర్తిగా మానేసి, కిటికీలకు దోమల జాలీ కొట్టించండి.

మేత. వేడిలో తినదు, తినని మేత నీళ్లలో గంటల్లో కుళ్లిపోతుంది, అమ్మోనియా లేస్తుంది. పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి వానపాములు చాలు. మిగిలింది అరగంటలో తీసేయండి. వర్మీకంపోస్ట్ యూనిట్లలో దొరికే ఎర్ర వానపాములను నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంటాయి, వాటికి ఆ చేదు పడదు.

నేలకు గులకరాళ్లు. మింగి పేగులో అడ్డుపడతాయి. ఖాళీ అద్దం నేల లేదా మెత్తటి సన్న ఇసుక. దాక్కోవడానికి పక్కకు పడుకోబెట్టిన రంగు వేయని మట్టికుండ బాగుంటుంది, పగిలిన అంచులు మాత్రం నున్నగా అరగదీయాలి.

కొత్త ట్యాంక్‌ను 18లో సైకిల్ చేయబోవడం (సైకిల్ అంటే అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియాను ఫిల్టర్‌లో పెంచడం). ఫిల్టర్‌లో బ్యాక్టీరియా చల్లటి నీళ్లలో నత్తనడక నడుస్తుంది. జంతువు లేకుండా 26–28లో సైకిల్ పూర్తి చేయండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చల్లబరచండి.

సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక ప్రోబ్ పైన, ఒకటి జంతువు పడుకునే నేల దగ్గర పెట్టండి. రెండింటికీ తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలి. రోజులో గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా 2 లోపు ఉండాలి. గరిష్ఠ, కనిష్ఠ అంకెలు గుర్తుపెట్టుకునే థర్మామీటర్ అయితే మీరు ఆఫీసులో ఉన్న సమయం సంగతీ తెలుస్తుంది. మధ్యాహ్నం 3–5 మధ్య ఏమవుతోందో చూడకుండా "మా ట్యాంక్ 18లోనే ఉంటుంది" అనుకునేవాళ్లు చాలామంది. వారానికోసారి నీటి పరీక్షలో అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు, పీహెచ్ 7.4–7.6 చుట్టూ ఉండాలి.

జంతువును చూసినా తెలిసిపోతుంది. హాయిగా ఉన్నది నేల మీద నాలుగు కాళ్లూ ఆనించి కదలకుండా ఉంటుంది, మొప్పల కుచ్చులు నిండుగా వెనక్కి వాలి ఉంటాయి, అప్పుడప్పుడు వాటిని ఒక్కసారి విదిలిస్తుంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతున్నా, అద్దం వెంట పిచ్చిగా ఈదుతున్నా, కుచ్చులు చిక్కిపోతున్నా ముందు థర్మామీటర్ చూడండి, తర్వాత అమ్మోనియా.

ఇప్పటికే వేడి దెబ్బ తగిలితే

10–15 లీటర్ల శుభ్రమైన టబ్బులో, ట్యాంక్ కన్నా 2 డిగ్రీలు తక్కువ వేడిలో, క్లోరిన్ విరిచిన నీళ్లు పట్టి అందులోకి మార్చండి. వలతో పట్టకండి, మొప్పలు చిక్కుకుంటాయి. మగ్గుతో నీళ్లతో పాటే తీయండి. ఎయిర్ పంపుకు చిన్న ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) తగిలించి టబ్బును ఏసీ గదిలో, తువ్వాలు కప్పి ఉంచండి. నీళ్లు రోజూ పూర్తిగా మార్చాలి. కొత్త నీళ్లు టబ్బు వేడిలోనే ఉండాలి. టబ్బు పక్కన ఐస్ బాటిళ్లు ఆనించి మెల్లగా 18కి తీసుకురండి. 28లోంచి తీసి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టే పని చేయకండి. మొదటి రెండు రోజులు మేత పెట్టకపోయినా ఫరవాలేదు. మొప్పల మీద దూదిలాంటి తెల్లబూజు కనిపించినా, 18కి వచ్చాక నాలుగు రోజులు గడిచినా తినకపోయినా, పక్షులు, సరీసృపాలు, ఉభయచరాలను చూసే పశువైద్యులకు చూపించండి. ఈలోగా ట్యాంక్ ఎందుకు వేడెక్కిందో తేల్చి సరిచేసి, 18లో కనీసం 48 గంటలు నిలబడిందని చూసుకున్నాకే జంతువును తిరిగి అందులో వదలండి.